పాడడానికి వచ్చినవాళ్లు

మా మనవరాలికి ఆ పాటలో ప్రతి చరణం చివరి మాట ఒక్కటే వచ్చేది. అప్పటికి దానికి మూడేళ్లు నిండలేదు. ప్లేస్కూల్లో క్రిస్మస్ కోసం పాట నేర్పారు. పెద్ద పిల్లలు చరణం పాడితే చిన్నవాళ్లు చివరి మాటను గట్టిగా అందుకోవాలి. మూడు వారాలు ఇంట్లో అదే సాధన. తీరా ఆ రోజు వచ్చేసరికి పిల్లకు జ్వరం. కుట్టించిన తెల్ల గౌను బీరువాలోనే ఉండిపోయింది.

జ్వరం తగ్గాక రోజూ సాయంత్రం వాకిట్లో గ్రిల్ తలుపు పట్టుకుని నిలబడేది. నోరు సగం తెరిచి ఎదురుచూసేది. ఎవరైనా ముందు మాటలు పాడితే తాను చివరి మాట అనాలి కదా. ఎవరూ పాడకపోతే నా వైపు తిరిగి, "తాతా, నువ్వు పాడు" అనేది.

"నాకు రాదు బిడ్డా."

"మరి ఎవరికొస్తది?"

మా ఇంట్లో మగవాళ్లు పాడరు. పాటలు వినేవాళ్లు. ఈ మాట నేను అప్పట్లో గర్వంగానే అనుకునేవాణ్ని.

మాది శామీర్‌పేట అవతల ఒక ఊరు. మూడు తరాలు మాలీ పటేళ్లుగా ఊరి శిస్తు వసూలు చేసిన ఇల్లు. అది పోయి, దాని వెనక భూములు పోయి, చివరికి మిగిలింది కరీంనగర్ రోడ్డుకు లోపలగా ఒక కాలనీలో నూట యాభై గజాల ఇల్లు. పై వాటా అద్దెకిచ్చాము. నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాను. నా వంశం సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదు. అయినా అందరికీ తెలుసు. కూర్చోమని ఎదుటివాళ్లు అనేదాకా నేను కుర్చీలో కూర్చునేవాణ్ని కాదు. అనకపోతే నిలబడే పని ముగించి వచ్చేవాణ్ని.

నా భార్య పోయాక మా బిడ్డ, అల్లుడు నా దగ్గరే ఉంటున్నారు. మా బిడ్డ మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో పని చేస్తుంది. పొద్దున ఏడింటి బస్సుకు పోతే చీకటి పడ్డాక వస్తుంది. అల్లుడిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. పిల్లను చూసుకునేది నేనే.

ఒకనాడు మా బిడ్డ అన్నం తింటూ అంది, "నాయినా, గా పాట పాడనీకి దీన్ని యాడికన్న తోల్కపో. క్రిస్మస్ దాక పాడుతనే ఉంటరు గద. చిన్న పిల్లలు పోయేటిది చూడు, అంతే."

"మనమెందుకు పోతం బిడ్డా చర్చిలకు?"

"మనం పోతలేం. అది పోతాంది."

మర్నాడే బయలుదేరాను. మొదట మేడ్చల్ దారిలో ఉన్న పెద్ద చర్చికి. అక్కడ కుర్చీలు సర్దుతున్న పెద్దమనిషి నా మాట విని నవ్వాడు. వాళ్ల క్యారల్స్ గుంపు రాత్రి తొమ్మిదింటికి వ్యానెక్కితే తెల్లవారుజామున దిగుతుందట. పేరు రాయించుకున్న ఇళ్లన్నీ తిరగాలి, ప్రతి ఇంట్లో ప్రార్థన, చాయ్, కేకు.

"మూడేండ్ల పోరినా సార్? మా గుంపుల ముప్పై ఏండ్లోల్లే మూడో ఇంటికాడ నిద్రపోతరు. లేపి పాడిస్తం."

రెండోసారి కొంపల్లి వైపు ఒక షాపింగ్ మాల్‌కు వెళ్లాము. బయట పెద్ద బోర్డు, 'చిన్నారుల క్యారల్స్' అని. లోపల స్పీకర్ల మోతకు నా గుండెలే అదిరాయి. పాటలన్నీ రికార్డువే. ఎర్ర దుస్తుల తాత ఒకాయన గడ్డం ఊపుకుంటూ వచ్చి పిల్లను ఎత్తుకోబోయాడు. అది నా మెడ పట్టుకుని కెవ్వుమంది. మైకు పట్టుకున్న అమ్మాయి, "అంకుల్, పాపను స్టేజ్ మీదికి పంపండి, ఒక స్మైల్ ఇయ్యమనండి" అంది. పిల్ల కళ్లు తుడుచుకుని నా చెవిలో అడిగింది, "తాతా, పాట యాడుంది?"

మూడోది మా పై వాటాలో ఉండే ఆయన చెప్పాడు. దగ్గర్లో గేటు ఉన్న విల్లాల కాలనీ ఉంది. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్థుల కుటుంబాలు ఎక్కువ. అక్కడ ఏటా పసిపిల్లలను పచ్చిక మీద కూర్చోబెట్టి సాయంత్రం పూట పాడిస్తారట. సరిగ్గా మాకు కావలసింది అదే. పిల్లకు తెల్ల గౌను వేసి ఆటోలో తీసుకెళ్లాను. గేటు దగ్గర కాపలా అతను రిజిస్టరు తెరిచాడు.

"ఏ ఇల్లు సార్?"

"ఏ ఇల్లూ గాదు. గీ భూమి మాదే ఉండె. గీడ మా తాత మామిడి తోట ఉండె."

"గట్ల శాన మంది చెప్తరు సార్. పేరు లిస్టుల ఉండాలె."

అప్పుడే పసివాణ్ని చక్రాల బండిలో తోసుకుంటూ ఒకావిడ వచ్చింది. మా పిల్ల గౌను చూసి ఆగింది. "పాటలకేనా అండీ? మా గెస్టులని రాయిస్తాను, లోపలికి రండి."

"వద్దమ్మా. మేం పిలుపు లేకుండ యాడికీ పోం."

"అయ్యో, ఇప్పుడు పిలుస్తున్నాగా బాబాయిగారూ!"

ఆమె నవ్వుతూనే అంది. ఒక మంచి మనిషి మనస్ఫూర్తిగా పిలిచిన పిలుపు అది. మా మామిడి తోటలోకి ఇంకొకరి అతిథిగా అడుగుపెట్టడం నాకు మింగుడుపడలేదు. పనుందని చెప్పి ఆటో తిప్పించాను. గోడ అవతల పిల్లలు పాట అందుకున్నారు. ఆటో కదులుతుండగా మా మనవరాలు వెనక్కి తిరిగి సీటు మీద మోకాళ్లూని చివరి మాట గట్టిగా అంది. అప్పటికి ఆ చరణం అయిపోయి ఇంకోటి మొదలైంది.

ఆటో నడిపే అతను మా ఊరివాడే. "గింత దూరం ఎందుకు పటేలా, మన అంగన్‌వాడీ టీచరమ్మ తిప్పుతది గద సిన్నపిల్లల్ని, పొద్దుగూకకముందే" అన్నాడు.

ఆ టీచరమ్మ నాకు తెలియని మనిషి కాదు. వాళ్లమ్మ మా ఇంటి వాకిలి ఊడ్చేది. ఈమె చదువుకుని, మా కాలనీ వెనకవైపు అంగన్‌వాడీలో చేరి, రోడ్డు పక్క ఉన్న చిన్న చర్చిలో ఆదివారాలు పిల్లలకు పాఠాలు చెబుతుంది. నన్ను 'సార్' అంటుంది. తన ఈడువాళ్లు మా ఊళ్లో ఇంకా 'పటేలా' అనే పిలుస్తారు కాబట్టి ఆ 'సార్' నాకు కొంచెం గుచ్చుకునేది.

వెళ్లి అడిగాను. ఆమె ముఖం వెలిగింది.

"తోల్కరండి సార్. నాలుగింటికి మొదలువెట్టి ఆరింటికల్ల అయిపోగొడ్తం. ఐదిండ్లే. గంతకన్న ఎక్కువైతే పోరగాండ్లు ఏడుస్తరు. మైకు లేదు, పటాకలు లేవు, ఒక్క కంజిర. బడికి పోయే పిల్లల్ని రానియ్యం, వాళ్లు వీళ్లను తోసేస్తరు. మీరు పాప ఎంబడి నడువాలె. ఒక్కో పిల్లకు ఒక్క పెద్దమనిషి, సెయ్యి ఇడువొద్దు. గదే మా రూల్."

ఇన్ని రోజులుగా నేను వెతుకుతున్నది అక్షరం పొల్లుపోకుండా అదే. సరే అనాల్సింది. కానీ నా కళ్ల ముందు ఇంకో దృశ్యం కదిలింది. కంజిర వెనక నడుస్తూ, ఐదు గడపల ముందు ఆగి, తలుపు తీసేదాకా నిలబడే గుంపు. ఆ గుంపులో పటేల్ మనవణ్ని, నేను. ఆ గడపల్లో ఒకటి మా పాలేరు కొడుకు కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు.

"మా ఇంటికే రండి" అన్నాను. "ఆఖరి ఇల్లు మాది పెట్టుకోండి. పాప ఇంట్లనే మీతోటి పాడ్తది."

ఆమె నా ముఖం చూసింది. "సరే సార్. ఒక పాట బయట పాడి లోపలికొస్తం, లోపల కూసొని రెండు పాడ్తం. పాపను నడుమ కూసోవెడ్త. మీరు పెద్దగ ఏం జెయ్యకండి. ఒక సాప ఏస్తే సాలు."

ఇంటికొచ్చి ఆలోచించాను. చాప వేసి ఊరుకుంటే మా ఇంటి మర్యాద ఏమవుతుంది? మా ఇంటి ముందుకు పాటతో వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోయిన రోజు లేదు. నా చిన్నతనంలో బుడగజంగాలు, గంగిరెద్దులవాళ్లు ఎందరో వచ్చేవాళ్లు. మా తాత అరుగు మీద నిలబడి వినేవాడు. వింటూ చేయెత్తేవాడు. చేయెత్తితే పాట నచ్చిందని, ఇక చాలని. పాట అక్కడే ఆగేది. మా నాయనమ్మ చాటలో బియ్యం తెచ్చేది. వాళ్లు జోలె పట్టేవాళ్లు. ఒక్కొక్కసారి మీద ఒక కొత్త తువ్వాలు. ఊరంతా మా తాత చెయ్యి పెద్దదని చెప్పుకునేది. పాటకు మేము చేసే గౌరవం అదేనని నాకు తెలుసు. ఇంకో రకం గౌరవం ఉంటుందని తెలియదు.

మేడ్చల్ బజారుకు పోయి కొత్త చాట కొన్నాను. సన్న బియ్యం, బెల్లం అచ్చు, ఎర్ర అంచు తువ్వాలు. నెలాఖరు పింఛనుతో అవి కొనడం నాకు తేలిక కాదు. అందుకే ఇంకా గర్వపడ్డాను.

క్రిస్మస్ ముందరి ఆదివారం సాయంత్రం వచ్చారు. కంపెనీలో తనిఖీ ఉందని మా బిడ్డకు ఆ ఆదివారం కూడా సెలవు దొరకలేదు. పిల్లలు తొమ్మిది మంది, వెనక తల్లులు, ఇద్దరు తండ్రులు. ఒక పిల్లవాడి చెప్పు ఒకటి తండ్రి చేతిలో ఉంది. నేను పై మెట్టు మీద నిలబడ్డాను. మనవరాలిని గ్రిల్ లోపలే ఉంచి, "పాట అయ్యేదాక గడప దాటొద్దు" అన్నాను.

పాట మొదలైంది. అదే పాట. మొదటి చరణం చివర పిల్ల ఉలిక్కిపడి చూస్తూ ఉండిపోయింది. రెండో చరణం చివర గ్రిల్ రెండు చేతులా పట్టుకుని ఆ మాటను అరిచినట్టే అంది. పిల్లలందరూ తలలు తిప్పారు.

"మమ్మీ, గా పిల్లకు వస్తాంది!" అన్నాడు చెప్పు లేని పిల్లవాడు.

"వస్తాంది గదా! పా, దాని దగ్గరికే పోతున్నం" అంది టీచరమ్మ. కంజిర ఆపకుండానే నవ్వుకుంటూ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

నేను చేయెత్తాను.

పాట ఆగింది. ఎందుకు ఆపారో తెలియక ఒకరిద్దరు పిల్లలు ఇంకో మాట పాడి ఆగారు. నేను చాట తీసుకుని పై మెట్టు అంచుకు వచ్చి ముందుకు చాపాను. ఎవరి దగ్గరా జోలె లేదు. చాట అలాగే గాలిలో ఉంది.

"గా బియ్యం ఎందుకే?" అని ఒక పిల్ల అడిగింది. "మనకు అన్నం వెడ్తరా?"

తల్లులు నవ్వబోయి ఆగిపోయారు. ఒకామె ఏం చేయాలో తోచక చున్నీ కొంగు చాపబోయింది. టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. కొంగు చాపి నిలబడడం ఎలా ఉంటుందో వాళ్లమ్మ దగ్గర ఆమె చూసి ఉంటుంది. అది చాపింది మా వాకిట్లోనే.

"మేం అడగనీకి రాలే పటేలా" అంది. కోపం లేదు గొంతులో. "పాడనీకి వచ్చినం."

నన్ను ఆమె పటేలా అనడం అదే మొదటిసారి. తర్వాత రెండు చేతులా చాట అందుకుని, బియ్యం ఒలకకుండా కింది మెట్టు మీద ఒక పక్కకు పెట్టింది. "పొద్దువోతాంది, నడువుండ్రి" అని పిల్లలను వెనక్కి తిప్పింది.

అప్పుడైనా ఒక మాట అనవచ్చు. లోపలికి రండి అంటే చాలు. ఆ మాట నా నోట్లోనే ఉంది. పటేళ్లు పిలిచి బతిమాలరు అని ఎవరూ నాకు నేర్పలేదు. నాకు నేనే నేర్చుకున్నాను.

మనవరాలు గ్రిల్ తోసుకుని మెట్లు దిగింది. కాళ్లకు చెప్పులు లేవు. "పాట అయిపోలే తాతా! పాట అయిపోలే!" నేను దాని రెక్క పట్టుకున్నాను. పాపం పిల్లలు చప్పుడు లేకుండా నడవలేరు కదా. గల్లీ మలుపు దగ్గర ఎవడో అందుకున్నాడు, మిగతావాళ్లు కలిశారు. మా గేటు దగ్గరి నుంచి ఈ పిల్ల, నా చేతిలో గింజుకుంటూ, ప్రతి చరణం చివరి మాట అరుస్తూనే ఉంది. ఇరవై అడుగుల దూరం. దాని చెయ్యి ఎలాగూ పట్టుకునే ఉన్నాను. ఆ ఇరవై అడుగులు నడిస్తే సరిపోయేది.

రాత్రి మా బిడ్డ వచ్చి, బ్యాగు దించకుండానే అడిగింది. "పాడిందా నాయినా?"

"పాడింది" అన్నాను.

అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత మా బిడ్డ టీచరమ్మకు కృతజ్ఞత చెబుదామని ఫోన్ చేసింది. ఆమె నా మీద ఒక్క మాట చెప్పలేదు. "పాప మంచిగ పాడిందక్కా, గ్రిల్ లోపల్నుంచి" అని మాత్రం అందట. మా బిడ్డ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి చాట తెచ్చింది.

"ఇదేంది నాయినా, కొత్త చాట?"

చెప్పాను. దాచడం చేతకాలేదు. అది విని మెట్ల మీద కూర్చుంది. తర్వాత అంది, "నేను పుట్టినకాడినుంచి గా ఇంటి ముచ్చట్లు చెప్తనే ఉన్నవ్. మీ తాత చెయ్యి, మీ అరుగు. నేను విన్న. దానికి మాత్రం చెప్పకు నాయినా."

టీచరమ్మతో మాట్లాడాలని అంగన్‌వాడీకి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆమె పిల్లల బరువులు చూస్తోంది. "రండి సార్" అంది మామూలుగానే. మళ్లీ 'సార్'. చెప్పదలచుకున్నది చెప్పకుండా పోలియో చుక్కలు ఎప్పుడని అడిగాను. "అయిపోయినయి గద సార్, పాపకు మీరే ఏపిచ్చిన్రు" అంది. రెండోసారి సెంటర్‌కు తాళం ఉంది. సంతోషంగా వెనక్కి వచ్చాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తర్వాతి డిసెంబరు మా బిడ్డ ముందే సెలవు పెట్టింది. ఐదిళ్ల లిస్టులో మా ఇల్లు లేదు. అడగలేదు కూడా. "నువ్వు గూడ రా నాయినా. దాని చెయ్యి నువ్వు పట్టుకో, నేను ఫోటోలు తీస్త" అంది.

"బ్యాంకుల పనుంది."

"ఆదివారం బ్యాంకా?"

పిల్లకు బూట్లు తొడిగి తీసుకెళ్లింది. తప్పేమిటో తెలిసి కూడా మళ్లీ అదే చేశాను. మొదటి ఏడు తెలియక చేశానని సర్దుకోవచ్చు. రెండో ఏటికి ఆ వెసులుబాటు లేదు.

కాసేపటికి ఇంట్లో ఉండలేక గల్లీ చివర కిరాణా కొట్టు దాకా వెళ్లాను. కొనాల్సిందేమీ లేదు. గుంపు ఎదురుగా ఉన్న ఇంటి ముందు పాడుతోంది. మా పాలేరు కొడుకు ఇల్లు. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చి తలుపులు రెండూ బార్లా తెరిచాడు. మా మనవరాలికి ఇప్పుడు చరణాలన్నీ వచ్చు. చివరి మాట కోసం పక్కనున్న చిన్నదాని వైపు వంగి, నువ్వను అన్నట్టు చూస్తోంది. దాని ఎడమ చెయ్యి వాళ్లమ్మ పట్టుకుంది. కుడి చెయ్యి ఖాళీగా ఉంది, పాటకు తగ్గట్టు ఊపుకుంటోంది.

"మీ మనవరాలే గద పటేలా?" అన్నాడు కొట్టతను. "మస్తు పాడ్తాంది పోరి. మీరు పోలేదేంది?"

అగ్గిపెట్టె కొనుక్కుని వచ్చేశాను.

ఈ సంవత్సరం దసరా నుంచే సిద్ధపడ్డాను. ఆ ఐదు గడపల ముందు నిలబడడం ఎలాగో మనసులో చాలాసార్లు నిలబడి చూసుకున్నాను. నవంబరు చివర ఒక పొద్దున, పిల్లను బడి బస్సు ఎక్కించి వస్తుంటే టీచరమ్మ ఎదురైంది. భుజాన తూకం సంచీ ఉంది. నేనే ఆపాను.

"ఈసారి నేనొస్తనమ్మా. పాప చెయ్యి పట్టుకొని అన్ని ఇండ్లు తిరుగుత."

ఆమె ఆశ్చర్యపోయింది. తర్వాత కొంచెం బాధగా నవ్వింది. "పాప బడికి పోతాంది గద సార్. బడికి పోయేటోల్లను సిన్నోల్ల గుంపుల పెట్టం. ఈ ఏడు పెద్ద పిల్లలతోటి పోతది. మొన్ననే మీ బిడ్డతోటి చెప్పిన."

"ఆ గుంపులకు నేను రావొచ్చునా?"

"ఆల్లకు సెయ్యి పట్టుకునేటోల్లు అక్కర్లే సార్. పెద్దోల్లు ఎంబడి వస్తే ఆల్లకు నామోషీ."

నిజమే. కిందటి వారమే మనవరాలు రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి విడిపించుకుని, "నాకొస్తది తాతా" అంది.

ఆమె కదలబోతుంటే అన్నాను, "ఆనాడు మా ఇంటి ముందట తప్పు జేసిన."

రోడ్డు మీద బస్సు పోయింది. వినబడలేదేమోనని మళ్లీ అనబోయాను. వినబడింది. ఆమె సంచీ పట్టీ సరిచేసుకుని నేల వైపు చూసింది.

"పిల్లలు మర్సిపోయిన్రు సార్" అంది.

తాను మరిచిపోయానని అనలేదు. పిల్లలు ఎదురుచూస్తుంటారని చెప్పి సెంటర్ వైపు నడిచింది.